పసుపు గీత అవతల అత్తయ్య

తప్పు నాదే. చివర్లో మీరు నన్ను నిలదీసే పని లేకుండా ముందే ఒప్పేసుకుంటున్నాను. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అన్నారు పెద్దలు. గుండు సంగతి దేవుడే చూసుకుంటున్నాడు, నలభై దాటేసరికి సగం పని కానిచ్చేశాడు. ఊరుకోవడమే నాకు చేతకాలేదు.

మా మేనత్త భ్రమరాంబకి ఒక స్పోర్ట్స్ కారుంది. ఎర్రది. రెండు తలుపులు, రెండే సీట్లు, కప్పు వెనక్కి మడిస్తే నెత్తి మీద ఆకాశం. ముప్ఫై ఏళ్ల కిందట మా మావయ్య దాన్ని ఎవరో చక్కెర ఫ్యాక్టరీ యజమాని దగ్గర కొనుక్కొచ్చినప్పుడు, "ఇద్దరే కూచునే కారేంటండీ, చుట్టాలొస్తే ఎలాగ?" అని వీధి వీధంతా అడిగిందట. "అందుకేగా కొన్నది" అన్నాడట మావయ్య. ఆయన పోయి ఆరేళ్లయింది. అత్తయ్యకి అరవై ఎనిమిది. ఇప్పటికీ ప్రతి ఆదివారం పొద్దున్నే కప్పు తీసి, తలకి చెంగు బిగించి, ఏటిగట్టు రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు వెళ్లి, పాక హోటల్లో ఇడ్లీ తిని వస్తుంది.

ఇందులో వింతేం లేదు. అత్తయ్య మా ఊరి ఐటీఐలో మోటారు మెకానిక్ తరగతికి ఇరవై తొమ్మిదేళ్లు పాఠాలు చెప్పింది. ఊళ్లో మెకానిక్కులందరూ ఆవిడ శిష్యులే. అందుకే ఒక్కర్ని కూడా తన కారు ముట్టుకోనివ్వదు.

శ్రావణంలో ఒక ఆదివారం ఆ కారు కదలనంది. దాని తాళం తిప్పగానే సీట్ల వెనకనుంచి రెండు సెకన్లపాటు 'జుంయ్' మని తుమ్మెద పాడినట్టు చప్పుడు రావాలి. అది పెట్రోలు ట్యాంకులో కూచున్న ఫ్యూయల్ పంపు చప్పుడు. ఆ తర్వాతే ఇంజను లేస్తుంది. మావయ్య బతికుండగా ఆ చప్పుడు వినగానే "అదుగో భ్రమరా, నిన్నే పిలుస్తోంది" అనేవాడు. ఆవేళ అత్తయ్య తాళం తిప్పితే ఏ చప్పుడూ లేదు. మళ్లీ తిప్పింది. లేదు. తీగలన్నీ చూసి, మీటరు పెట్టి కొలిచి, చేతులు తుడుచుకుంటూ, "పంపు పోయిందిరా కామేశం" అంది. ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు. ఎవరో మనిషి పోయినట్టు అంది.

పంపు పోతే కొత్తది వేసుకోవచ్చు. చిక్కల్లా గడువుతోనే. పాత బళ్లకి మళ్లీ రిజిస్ట్రేషన్ ఇవ్వాలంటే దసరా మర్నాడు ఉదయం పదిన్నరకి తనిఖీ మైదానానికి రావాలి. తన ఇంజనుతో తనే నడిచి రావాలి. తోసుకొచ్చినా, లాక్కొచ్చినా పనికిరాదు. రాని బండి తుక్కు కింద లెక్క, అక్కడే గోడ పక్కనున్న యంత్రంలో వేసి పచ్చడి చేసేస్తారు. ఆ కాగితం అత్తయ్య వంటింట్లో క్యాలెండరు మేకుకే గుచ్చి పెట్టుకుంది.

"ఆ కారు పోతే నాకింకేం లేదురా," అంది ఒకరోజు కాఫీ కలుపుతూ. "మీ మావయ్య పోయాక ఈ ఇంట్లో నా మాట వినేది అదొక్కటే."

నేను కూడా వింటాను కదా అనబోయి మానుకున్నాను.

వినాయక చవితి వెళ్లిన మూడోనాడు కొత్త పంపు పార్సిల్లో వచ్చింది. అత్తయ్య ఆ పూటే షెడ్డు తలుపులు బార్లా తీసి, చీర కుచ్చిళ్లు దోపి, పానాలు వరసగా పేర్చుకుంది. రెండు గంటల పని. అప్పుడు నా నోరు ఊరుకోలేదు.

"అత్తా, ఇంట్లో మరమ్మతులకి పర్మిషన్ కావాలని పేపర్లో వేశాడు. ఓసారి కనుక్కుని వస్తా, ఎందుకొచ్చిన గొడవ" అన్నాను.

కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

ఆ పర్మిషన్ పుట్టుక గురించి మీకు రెండు ముక్కలు చెప్పాలి. అంతకుముందు ఏడాది ఎక్కడో ఎవరో గృహస్థు ఇంట్లో మిక్సీ విప్పి బాగుచేసి, మూత సరిగ్గా బిగించకుండా మీట నొక్కాడట. మూత ఎగిరి గోడ మీదున్న ఒక పెద్దమనిషి ఫొటోకి తగిలింది. అద్దం పగిలింది. మనిషికి దెబ్బ తగిలుంటే వేరే సంగతి, ఫొటోకి తగలడంతో యంత్రాంగం కదిలింది. 'సురక్షిత గృహం, సుశిక్షిత మరమ్మతు' అని పథకం పెట్టారు. మా ఊరికి గృహ మరమ్మతుల క్రమబద్ధీకరణ విభాగం అని ఒక ఆఫీసు వచ్చింది. బోర్డు, బల్ల, జీపు, ముద్ర వచ్చాయి. వచ్చి పద్నాలుగు నెలలైనా ఒక్క అనుమతి కూడా ఇవ్వలేదు, ఎందుకంటే అడగడానికి ఎవరూ వెళ్లలేదు. ఫ్యాను తిరక్కపోతే జనం బల్లెక్కి వాళ్లే విప్పుకుంటున్నారు.

నేనే మొదటివాణ్ణి.

విభాగాధికారి వైకుంఠరావు గారు నన్ను చూసి లేచి నిలబడ్డారు. కళ్లు చెమర్చాయి కూడా. "కూర్చోండి. పౌరచైతన్యం అనేది ఇంకా సజీవంగా ఉందన్నమాట" అన్నారు. తర్వాత బీరువాలోంచి ఇత్తడి పెట్టె తీసి, దాన్లోంచి మఖమలు గుడ్డ తీసి, దాన్లోంచి ముద్ర తీసి చూపించారు. "నియమం నాలుగు ప్రకారం ఈ ముద్ర పడ్డదే ఉత్తర్వు. పడనిది చిత్తు కాగితం. అది నోటీసు కానివ్వండి, అనుమతి కానివ్వండి. నా సంతకానికి కూడా దీని ముందు విలువ లేదు."

నేను సంగతి చెప్పాను. కారు, పంపు, రెండు గంటల పని.

ఆయన కళ్లు మూసుకుని ఆలోచించారు. "వాహనమును విప్పు ప్రదేశమేదైనను కార్ఖానాయే. మీ అత్తగారి షెడ్డు ఇంటి అంతర్భాగం కనుక సదరు ఇల్లు కార్ఖానా అవుతుంది. కార్ఖానాకి లైసెన్సు ఉండాలి. అంతవరకు సదరు వాహనాన్ని ఎవరూ తాకరాదు. తాకినచో నోటీసు, నోటీసు పడిన వాహనం జప్తు."

"అయ్యా, పోనీ అడగలేదనుకోండి" అన్నాను, చల్లగా లేవబోతూ.

"అడగక ముందు మాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది" అన్నారాయన ఎంతో ప్రేమగా, ఫైలుకి తాడు కడుతూ.

బయటికొస్తే విభాగం పరిశీలకుడు గరటయ్య జీపుని వెనకనుంచి తోస్తున్నాడు. ఎండపడితే బ్యాటరీకి మంచిదని రోజూ చెట్టు కిందనుంచి అవతలికి తోస్తాడట. జీపు పాడై నాలుగు నెలలు. ఏదైనా షెడ్డులో చూపించకపోయారా అన్నాను. "ఎలాగండి? ప్రభుత్వ జీపు మా విభాగం లైసెన్సు ఇచ్చిన కార్ఖానాలోనే బాగుచేయించాలని మా రూలే ఉందండి. మేమింకా ఎవరికీ ఇవ్వలేదు కదండీ" అన్నాడు.

ఈ మాటలన్నీ వచ్చి చెప్తే అత్తయ్య నన్ను తిట్టలేదు. పానాలన్నీ ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో పెట్టుకుంది. తిట్టినా బాగుండేది.

మర్నాడే గరటయ్య తనిఖీకి వచ్చాడు. గుమ్మంలో అత్తయ్యని చూసి ఠక్కున చెప్పులు విడిచేశాడు. ఇతనూ ఆవిడ శిష్యుడే. కాకపోతే పరీక్ష తప్పిన శిష్యుడు.

"మేడమ్ గారండీ, నన్ను గుర్తుపట్టారా అండీ?"

"గుర్తుపట్టకేం? ట్యాంకు మూత రింగుని ఇనప సుత్తితో ఎందుకు కొట్టకూడదని పరీక్షలో అడిగితే, పక్కింటివాళ్లు తిడతారు కాబట్టి అని రాసింది నువ్వే కదూ."

"నేనేనండి" అన్నాడు గరటయ్య గర్వమూ సిగ్గూ కలిపి.

అతను టేపు పెట్టి షెడ్డంతా కొలిచి, కారుకి మూడడుగుల దూరంలో నేల మీద పసుపు రంగు గీత గీశాడు. గీతకి ఇవతల కస్టమరు, అవతల మెకానిక్కు. కస్టమరు ఎట్టి పరిస్థితుల్లోనూ గీత దాటకూడదు. ఇవతల కస్టమరుకి బెంచీ, కుండలో మంచినీళ్లు, ఫిర్యాదుల పెట్టె ఉండాలి. పెట్టె తాళం చెవి మాత్రం విభాగంలో ఉంటుంది, లేకపోతే మెకానిక్కులు ఫిర్యాదులు చించేస్తారట.

"కారు ఎవరిదండీ?" అన్నాడు ఫారం తీసి.

"నాది."

"అయితే కస్టమరు మీరు. మెకానిక్కు?"

"నేనే."

గరటయ్య పెన్ను ఆగిపోయింది. ఫోను చేశాడు. వైకుంఠరావు గారు అవతలినుంచి పది నిమిషాలు ఉపన్యసించారు. సారాంశం ఏమిటంటే, ఒక వ్యక్తికి రెండు హోదాలుండటాన్ని చట్టం నిషేధించదు, కలగాపులగాన్ని నిషేధిస్తుంది. కాబట్టి అత్తయ్య గీత దాటేముందు రిజిస్టర్లో కస్టమరుగా బయటికి వెళ్లినట్టు సంతకం చేసి, నీలం కోటు తొడుక్కుని, మెకానిక్కుగా లోపలికి వచ్చినట్టు మళ్లీ సంతకం చెయ్యాలి. దాహమేస్తే కోటు తీసేసి ఇవతలికి రావాలి, ఎందుకంటే కుండ కస్టమరుది.

తర్వాత మెకానిక్కు అర్హత. అత్తయ్య ఊరందరి సర్టిఫికెట్ల మీదా సంతకం చేసింది, కానీ ఆవిడ సర్టిఫికెట్ మీద సంతకం చేసిన ప్రిన్సిపాలు గారు చనిపోయారు. సంతకందారు సజీవుడై ఉండాలని ఫారంలో ఉంది. కనుక పరీక్ష పెట్టాలి. విభాగంలో సాంకేతిక పరిజ్ఞానం ఉన్న ఏకైక ఉద్యోగి గరటయ్య కనుక అతనే పెట్టాలి.

అతను సంచిలోంచి ప్రశ్నపత్రం తీసి గొంతు సవరించుకున్నాడు. అత్తయ్య ఓరగా దానివైపు చూసింది.

"ఇది నేను తయారుచేసిన పేపరేరా. నాలుగో ప్రశ్నలో అచ్చుతప్పుంది, దిద్దుకో."

గంటసేపు రాసింది. గరటయ్య జవాబుల పుస్తకం తెరిచాడు. అందులో అన్ని ప్రశ్నలకీ 'పరీక్షకుని వివేచన మేరకు' అనే ఉంది. అతను చాలాసేపు వివేచించాడు. చెమట పట్టింది. చివరికి కాగితాలు అత్తయ్య ముందుకే తోసి, "ఇవి రైటో కాదో తమరే చూసి చెప్పాలండీ" అన్నాడు. అత్తయ్య ఎర్ర పెన్ను తీసుకుని తన జవాబులు తానే దిద్దింది. తొంభై రెండు వేసుకుంది. దస్తూరీకి ఎనిమిది మార్కులు కోసింది.

ఇంతవరకు నవ్వుకున్నాం. నాలుగోనాడు పొయ్యికి వచ్చింది.

పెట్రోలున్న కార్ఖానాలో ముప్ఫై అడుగుల్లోపు నిప్పు ఉండరాదు. అత్తయ్య వంటగది షెడ్డుకి ఇరవై రెండు అడుగుల్లోనే ఉంది. గరటయ్య గ్యాసు పొయ్యి చుట్టూ గుడ్డ చుట్టి, తాడు కట్టి, లక్క కరిగించి, ఇత్తడి పెట్టెలోంచి ముద్ర తీసి వేశాడు. వేస్తున్నంతసేపూ "క్షమించండి మేడమ్ గారూ" అంటూనే ఉన్నాడు. ఆ రోజునుంచి అత్తయ్యకి క్యారియర్ మా ఇంటినుంచి వెళ్లింది. మా ఆవిడ ఉప్పు తక్కువ వేస్తుందని ఆవిడకీ నాకూ తెలుసు, ఇద్దరం మా ఆవిడకి చెప్పలేదు.

నిద్ర సంగతి కూడా తేల్చారు. కార్ఖానాలో రాత్రిళ్లు కస్టమరు పడుకోకూడదు, మెకానిక్కు పడుకోకూడదు. మరి అత్తయ్య ఎక్కడ పడుకోవాలని అడగడానికి నేనే వెళ్లాను. వైకుంఠరావు గారు కాసేపు పుస్తకం తిరగేసి, ఆవిడని రాత్రి వాచ్‌మన్‌గా నియమించుకోవచ్చన్నారు.

"అంటే పడుకోవచ్చాండీ?"

"ఉండవచ్చు. పడుకోరాదు. నిద్రించు వాచ్‌మన్‌పై చర్య తీసుకొనబడును" అన్నారాయన.

ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్న రకం మనుషులు ఇంకా ఉన్నారా అనుకునేవాణ్ణి. ఉన్నారు, ఫ్యాను కింద కూచుని ఉన్నారు.

పదిహేను రోజులు గడిచాక ఫిర్యాదుల పెట్టె తెరిచారు. ఖాళీ. ఖాళీ పెట్టె అంటే కస్టమర్లను భయపెడుతున్నట్టు లెక్కట. కనీసం ఒక్క ఫిర్యాదైనా ఉంటేనే ఫైలు కదులుతుందని గరటయ్య గొణిగాడు. అత్తయ్య బెంచీ మీద కూచుని, "నా కారు పాడై నెల దాటింది. మెకానిక్కు చేతులు ముడుచుకుని కూచుంది. ఇంత పనికిమాలినదాన్ని నేనెక్కడా చూళ్లేదు" అని రాసి పెట్టెలో వేసింది. కోపంగానే రాసింది. అందులో నటన నాకేమీ కనిపించలేదు.

విచారణ జరిగింది. వైకుంఠరావు గారు మధ్యన కూచున్నారు. "ఫిర్యాదుదారు నా కుడివైపు, ప్రతివాది ఎడమవైపు" అన్నారు. అత్తయ్య కుడి కుర్చీలో కూచుంది.

"మీ బాధ ఏమిటి?"

"దసరా మర్నాటికి కారు నడవకపోతే తుక్కులో వేస్తారండి. అది మా ఆయన కొన్న కారు. నేనింకేం అడగట్లేదు."

"ప్రతివాదీ, దీనికి మీ సమాధానం?"

అత్తయ్య లేచి, నీలం కోటు తొడుక్కుని, ఎడమ కుర్చీలో కూచుంది. "నన్ను ముట్టుకోనివ్వట్లేదండి. ముట్టుకోనిస్తే రెండు గంటల్లో బాగుచేస్తాను."

"ఎవరు ముట్టుకోనివ్వటం లేదు?"

"మీరే."

వైకుంఠరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "విభాగం ఈ వివాదంలో కక్షిదారు కాదు. ఆవేశాలు వద్దు. ఉభయ పక్షాలూ పెద్దమనుషులే కనుక రాజీయే శ్రేయస్కరం. ఇద్దరూ చేతులు కలపండి."

అత్తయ్య రెండు చేతులూ కలిపింది. అది ఆయనకి దణ్ణం పెట్టినట్టయింది. ఆయన ఆశీర్వదించి పంపించారు.

రాజీ కుదిరింది కనుక లైసెన్సు ఖాయమన్నారు. కాగితం టైపు కూడా అయింది. నేను రోజూ వెళ్తూనే ఉన్నాను. అష్టమి నాడు మధ్యాహ్నం వెళ్లేసరికి ఆఫీసులో మామిడి తోరణాలు, కొబ్బరికాయలు. బల్ల మీద అమ్మవారి పటం. పటం ముందు పట్టుగుడ్డ మీద ఇత్తడి పెట్టె, పెట్టెకి పసుపు, కుంకం. జీపుకి కూడా బంతిపూల దండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. అది కదిలితేగా అవి చితికేది.

"లైసెన్సు మీద ముద్ర వేసి ఇప్పించండి సార్. గడువు దసరా మర్నాడే" అన్నాను.

ఆయన నొచ్చుకున్నారు. "ఎంత మాటన్నారు! రేపు నవమి, ఆయుధ పూజ. సైనికుడికి కత్తి, రైతుకి నాగలి, మాకు ముద్ర. పూజలో కూర్చోబెట్టిన ఆయుధాన్ని ఎత్తకూడదు. దశమి గడిచి, మర్నాడు సాయంత్రం ఉద్వాసన చెప్పాకే బయటికి తీస్తాం."

"మర్నాడు పొద్దున్న పదిన్నరకే కదండీ కారు..."

"అమ్మవారికి గడువులుండవు నాయనా" అన్నారు, కళ్లకద్దుకుంటూ.

ఇంటికొచ్చి అత్తయ్య ముందు కూలబడ్డాను. అంతా నావల్లే అత్తా, నేను నోరుమూసుకుని ఉంటే నెల కిందటే కారులో తిరిగేదానివి అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. ఆవిడ వినట్లేదు. క్యాలెండరు మేకుకున్న కాగితం వైపు చూస్తోంది.

"ముద్రని ఎత్తకూడదన్నాడా?"

"అవును."

"నోటీసు మీదైనా?"

"దేనిమీదైనా. అది అమ్మవారి ముందుంది."

"ముద్ర లేని నోటీసు?"

"చిత్తు కాగితం. ఆయనే చెప్పాడు, నియమం నాలుగు."

అత్తయ్య మెల్లిగా నవ్వింది. నెల రోజుల్లో ఆవిడ నవ్వడం అదే మొదలు. "అయితే రేపు ఆ ఆఫీసుకి చేతుల్లేవన్నమాట. పొద్దున్నే ఏడింటికి రా."

"అత్తా, రేపు మన పనిముట్లకి కూడా పూజే కదా. ముట్టుకోవచ్చా?"

"ఏడాదంతా పని చేసిన పనిముట్లకి ఒకరోజు విశ్రాంతి. నావి నెల్రోజుల్నుంచి పడుకునే ఉన్నాయి. వాటికి రేపు నైవేద్యం పనేరా."

నవమి పొద్దున్న ఏడింటికి షెడ్డు తలుపులు బార్లా తీశాం. ఇసుక బకెట్టు, మంటలార్పే సిలిండరు దగ్గర పెట్టుకున్నాం. అత్తయ్య పానాలకీ, కొత్త పంపుకీ కుంకం బొట్లు పెట్టింది. తర్వాత పసుపు గీత దగ్గర ఆగి, రిజిస్టర్లో కస్టమరుగా సంతకం చేసి, కోటు తొడుక్కుని, మెకానిక్కుగా సంతకం చేసి లోపలికి వెళ్లింది. అలవాటైపోయిందట.

నాకు అప్పగించిన పని బ్యాటరీ తీగ విప్పడం. విప్పాను. ఆవిడ సీట్ల వెనక తివాచీ ఎత్తి, నాలుగు స్క్రూలు తీసి, రేకు మూత పక్కన పెట్టింది. కింద ట్యాంకు. గొట్టం చుట్టూ గుడ్డ కప్పి మెల్లిగా వదులు చేసింది, లోపల పెట్రోలు ఒత్తిడి మిగిలుంటే మొహాన చిమ్ముతుందట. వాసన గుప్పుమంది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో నీడ పడింది.

గరటయ్య. ఒక చేతిలో పులిహోర పొట్లం, ఇంకో చేతిలో నోటీసు పుస్తకం.

"మేడమ్ గారూ, ప్రసాదం ఇచ్చి రమ్మన్నారండి. అలాగే ఎవరూ కారు ముట్టుకోకుండా చూసి రమ్మన్నారండి."

"చూశావుగా. నోటీసు రాసుకో."

రాశాడు. పూర్తిగా రాసి, అలవాటుగా ఇత్తడి పెట్టె కోసం చెయ్యి సంచిలో పెట్టాడు. చెయ్యి అక్కడే ఉండిపోయింది. నోటీసుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది చెల్లదు కదండీ" అన్నాడు.

"చెల్లదు. ఆ సుత్తి అందుకో ముందు. రింగు బిగుసుకుపోయింది."

గరటయ్య గీత వైపు చూశాడు. రిజిస్టర్లో ఏమని సంతకం చెయ్యాలో తెలియక పేరొక్కటే రాసి గీత దాటాడు. పనిముట్లలోంచి ఇనప సుత్తి తీసి ఇవ్వబోయాడు. చెయ్యి సగం దూరం వెళ్లి ఆగింది. ట్యాంకు వైపు చూశాడు, సుత్తి వైపు చూశాడు. దాన్ని ఉన్నచోటే పెట్టేసి, చెక్కదిమ్మ, చెక్క సుత్తి తీసి ఇచ్చాడు.

"ఇనప్పదైతే నిప్పురవ్వ లేస్తదండి. పెట్రోలు ఆవిరికి అంటుకుంటది" అన్నాడు నెమ్మదిగా.

అత్తయ్య తలెత్తి అతన్ని చూసింది.

"ఇరవై రెండేళ్లకి పాసయ్యావురా గరటయ్యా."

అతను మొహం తిప్పుకున్నాడు. పెట్రోలు వాసనకి కళ్లు మండాయని తర్వాత నాతో అన్నాడు.

రింగు వదిలింది. పాత పంపు బయటికొచ్చింది, దాని జాలీ నల్లగా మడ్డి పట్టిపోయి ఉంది. కొత్త పంపు కూచుంది, కొత్త జాలీ కూచుంది, కొత్త రబ్బరు రింగు కూచుంది. గొట్టాలు బిగించింది. ఎక్కడా తడి లేదని వేలితో తడిమి చూసుకుంది. డ్రైవరు సీట్లో కూచుని తాళం తిప్పింది.

ఏ చప్పుడూ లేదు.

గరటయ్య "అమ్మవారి రోజున పనిముట్లు ముట్టుకున్నామండీ" అని లెంపలేసుకోవడం మొదలెట్టాడు. అత్తయ్య స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కదలకుండా కూచుంది. ఆవిడ అంత ముసలిదని నాకు అంతకుముందు ఎప్పుడూ అనిపించలేదు. ఒక నిమిషం అయ్యాక నావైపు తిరిగింది.

"ఒరేయ్ కామేశం, బ్యాటరీ తీగ ఎవడు తగిలిస్తాడ్రా?"

పరిగెత్తాను. తగిలించాను. కంగారులో నట్టు రెండుసార్లు కింద పడేసుకున్నాను. ఆవిడ మళ్లీ తాళం తిప్పింది.

జుంయ్.

రెండు సెకన్లు. ఆ తర్వాత ఇంజను లేచింది, షెడ్డు రేకులు దడదడలాడాయి. అత్తయ్య మాత్రం ఇంజను సంగతి పట్టించుకోలేదు. కట్టేసి, మళ్లీ తాళం తిప్పి, ఆ రెండు సెకన్లు మళ్లీ వింది. అలా నాలుగుసార్లు వింది. మేమిద్దరం పులిహోర పొట్లం పట్టుకుని బయటికి వెళ్లి కూచున్నాం.

దసరా మర్నాడు పది ఇరవైకి ఎర్ర కారు కప్పు తీసుకుని తనిఖీ మైదానంలోకి తన కాళ్ల మీద తను వెళ్లింది. గోడ పక్క యంత్రం దగ్గర మూడు బళ్లు వరసలో ఉన్నాయి. అత్తయ్య వాటి వైపు చూడలేదు. తనిఖీ చేసినాయన బ్రేకులు చూశాడు, లైట్లు చూశాడు, పొగ కొలిచాడు. ఎవరు బాగుచేశారని అడిగితే మెకానిక్కే అంది. ఐదేళ్లకి కాగితం ఇచ్చాడు.

ఆ సాయంత్రమే ముద్రకి ఉద్వాసన చెప్పారు. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి వైకుంఠరావు గారు స్వయంగా మా అత్తయ్య ఇంటికి వచ్చారు. చేతిలో లైసెన్సు, దాని మీద ముద్ర, ముద్ర మీద కాస్త కుంకం. వెనకాల గరటయ్య, ఇంకో ఇద్దరూ కలిసి బంతిపూల దండతో సహా జీపుని తోసుకొచ్చారు.

"అభినందనలు" అన్నారాయన. "పట్టణంలో విభాగం లైసెన్సు పొందిన ఏకైక కార్ఖానా మీదే. కావున నియమాల మేరకు విభాగం జీపుని మీ వద్దే బాగుచేయించవలసి ఉంది. పంపు కొట్టడం లేదని గరటయ్య అభిప్రాయం." మాట్లాడుతూనే జీపు వెంట షెడ్డులోకి నడిచారు.

"ఆగండి" అంది అత్తయ్య.

ఆగారు. కాలి బొటనవేలు పసుపు గీత మీద ఉంది. ఆయన కిందికి చూసి, గబుక్కున కాలు వెనక్కి తీసుకుని, బెంచీ మీద కూచున్నారు.

"మంచినీళ్లు కుండలో ఉన్నాయి" అంది అత్తయ్య. "జీపు చేస్తాను. వంటింట్లో పొయ్యికి సీలుంది, ముందు అది తీయించండి. నెల్రోజులై నా చేతి కాఫీ నేను తాగలేదు."

"తప్పకుండా. దానికి నిర్ణీత నమూనాలో దరఖాస్తు చేసుకుంటే, పరిశీలించి, తదుపరి..."

"సరే. జీపుకి కూడా అలాగే చేద్దాం."

కోటు విప్పి మేకుకి తగిలించింది. రిజిస్టర్లో మెకానిక్కు బయటికి వెళ్లినట్టు సంతకం చేసింది. ఆవేళ ఆదివారం. గుమ్మం ముందున్న కారు కప్పు వెనక్కి మడిచి, చెంగు తలకి బిగించి ఎక్కింది. పక్క సీటు తలుపు తెరిచి పట్టుకుంది. నేను ముందుకి కదిలాను.

"నువ్వు కాదురా. నువ్వెక్కితే దార్లో ఎవరినో ఏదో పర్మిషన్ అడుగుతావు. గరటయ్యా, రా. ఇడ్లీ తిందువుగాని."

గరటయ్య వైకుంఠరావు గారి వైపు ఒకసారి, కారు వైపు ఒకసారి చూసి, చెప్పులు విడిచి ఎక్కాడు.

"అమ్మా, మరి మా జీపు? ఎన్నింటికి వస్తారు?" వైకుంఠరావు గారు బెంచీ మీదనుంచే గొంతెత్తారు.

"ఇవాళ కార్ఖానాకి సెలవు. ఏమైనా ఉంటే ఫిర్యాదుల పెట్టె అక్కడుంది."

తాళం తిప్పింది. జుంయ్ మంది. ఎర్ర కారు వీధి మలుపు తిరిగి ఏటిగట్టు వైపు వెళ్లిపోయింది.

వైకుంఠరావు గారు చాలాసేపు ఫిర్యాదు రాశారు. రెండు పేజీలు, కొట్టివేతలు లేకుండా. మడిచి పెట్టెలో వేశారు. వేశాక ఏదో గుర్తొచ్చినట్టుంది, పెట్టె పైకెత్తి అటూ ఇటూ ఊపారు. తాళం చెవి ఆయన ఆఫీసులో ఉంది. వెళ్లి తెచ్చుకుందామంటే జీపు కదలదు.